ఊపిరి వదిలాక కొలత

పొద్దున ఆరయ్యేసరికి ముందు గదిలో తల్లి కుట్టుమిషను మొదలయ్యేది. చిన్న మిషను చప్పుడు వినిపిస్తే ఆ రోజు చొక్కాలూ గౌన్లూ కుడుతున్నట్టు. పెద్ద మిషను చప్పుడైతే కుట్టుకూలికి మూటలాయన తెచ్చిపడేసిన కారు సీటు కవర్లు. పెద్ద మిషను తొక్కుతుంటే గోడకున్న అద్దం కూడా వణికేది. ఆ వణుకుతున్న అద్దంలోనే మొహం చూసుకుని, జుట్టు ముడేసుకుని, నోట్లో రొట్టె ముక్కతో కూతురు డ్రైవింగ్ స్కూలుకి పరిగెత్తేది.

స్కూల్లో ఆమెని అందరూ బ్రేకక్క అంటారు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు మీంచి ఆరేళ్లుగా కాలు తియ్యని మనిషి. ఆ కాలు వల్ల ఊళ్లో ఎన్ని గోడలు నిలబడి ఉన్నాయో ఎవరికీ తెలీదు. కానీ కారు ఓనరుది, బోర్డు ఓనరుది, కేకలు కూడా ఓనరువే. క్లచ్చు వదలడం ఆలస్యమైతే చాలు, "వంటింట్లో ఉండాల్సినవాళ్లు రోడ్డెక్కితే ఇంతే" అనేవాడు. పోయిన నెల అలాగే ఒక నర్సుని ఏడిపించాడు. ఆ సాయంత్రమే బ్రేకక్క, వచ్చే నెలాఖరుకి మానేస్తున్నానని చెప్పేసి వచ్చింది.

ఆమె మంచం కింద ఒక బోర్డు ఉంది. "కేకలు లేకుండా కారు నేర్పబడును" అని తనే పెయింటు వేసింది. బోర్డు తయారై ఏడాదైంది. లేనిదల్లా కారే.

ఇక తల్లి టేపు సంగతి. పసుపు రంగు గుడ్డ టేపు, మొదటి పదిహేను అంగుళాల దాకా అంకెలు అరిగిపోయాయి. ఎప్పుడూ ఆమె మెడలోనే ఉండేది. మనుషులకి పెడితే మామూలుగా అంగుళాలే చెప్పేది. వస్తువు చుట్టూ తిప్పితే మాత్రం రెండు కొసలూ కలిసిన చోట దాని అసలు ధర కనిపించేది. అరవై అంగుళాల టేపు బీరువా చుట్టూ ఎలా సరిపోతుందని ఎవరూ అడగలేదు. సరిపోతోంది కదా. వీధి చివర రిటైరైన మేష్టారు పాత ఫ్రిజ్ కొనబోతూ ఆమెని వెంటబెట్టుకెళ్లారు. మంచాలమ్మే అతను దూరం నుంచి ఆమెని చూస్తే చాలు, "అమ్మా, నేనే తగ్గిస్తున్నా, మీరు రాకండి" అని కేకేసేవాడు.

అలాంటి టేపుని కూతురు వద్దంది.

"తేవద్దమ్మా. పెద్ద షోరూము. అన్నీ అద్దాలే. మెడలో టేపేసుకుని వస్తే నవ్వుతారు."

"నవ్వితే నవ్వారు. నవ్వుకి ధరేమైనా కట్టాలా?"

"నేను మూడు నెలల్నించి వీడియోలు చూసి నేర్చుకున్నా. నోటుబుక్కు నిండా రాసుకున్నా. నన్ను మాట్లాడనీ."

తల్లి మెడలోంచి టేపు తీసి చుట్టచుట్టింది. బోసి మెడతో ఆమె ఎవరో తెలిసినావిడలా కనిపించింది. కూతురికి లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది, అయినా తాళం వేసి బయల్దేరింది.

నోటుబుక్కులో ఉన్నవి మంచి మాటలే. నచ్చినట్టు కనిపించకు. ఇంకో రెండు షోరూముల్లో ధర రాయించుకుని వెళ్లు. అన్నీ కలిపి చివరికి ఎంతో ముందే అడుగు. అవసరం లేనివి కొట్టించు. కుదరకపోతే లేచి వచ్చేయ్. దారంతా అవే గొణుక్కుంది. తీరా తెల్ల కారు తలుపు తెరిచి, స్టీరింగ్ ముందు కూర్చోగానే ఆరేళ్ల అలవాటు చేతుల్లోకి వచ్చేసింది. సీటు ముందుకి జరుపుకుంది, నడుమద్దం తన కంటికి సరిచేసుకుంది, పక్కద్దాలు రెండూ తిప్పుకుంది.

టై కట్టుకున్న అమ్మకాలాయన అది చూశాడు. అద్దాలు సరిచేసుకున్నవాళ్లు కారు వదిలి వెళ్లరని అతనికి పన్నెండేళ్ల అనుభవం.

"ఏసీ చూడండి మేడమ్" అని ఇంజను ఆన్ చేశాడు. తరవాత కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అన్నీ కలిపి ఏడు లక్షల పద్దెనిమిది వేలు.

బ్రేకక్క దగ్గరున్నది ఆరు లక్షల అరవై.

"పక్క షోరూములో ఆరూ యాభై ఐదుకే ఇస్తామన్నారండీ" అంది, గొంతు గట్టిగా పెట్టి.

"ఇస్తారు మేడమ్. మూడు నెలల తరవాత. ఇది ఇవాళ తోలుకెళ్లిపోవచ్చు."

నెలాఖరుకి పదకొండు రోజులుంది. లేచి వచ్చేయమని నోటుబుక్కు చెబుతోంది. కాళ్లు మాత్రం లేవడం లేదు. బోర్డు ఇంకో మూడు నెలలు మంచం కిందే ఉంటుంది. ఈలోగా మళ్లీ ఓనరు దగ్గరికే వెళ్లి, తప్పైపోయింది సార్ అనాలి.

తల్లి ఆమె చెవి దగ్గరికి వంగింది. "పెద్ద మిషను అమ్మేద్దాంలేవే. అరవై వేలకి ఎవరైనా తీసుకుంటారు. నాకూ నడుం నొప్పిగానే ఉంటోంది."

నడుం నొప్పి లేదని కూతురికి తెలుసు. ఆ మిషను కొన్న రోజు తల్లి దానికి కొత్త గుడ్డ కప్పి, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ గుడ్డ తీసి చూపించడం కూడా గుర్తుంది. బల్ల మీది కాగితం పక్కకి తోసింది.

"అమ్మా, టేపు తెచ్చావా?"

"తేవొద్దన్నావుగా."

"అమ్మా!"

"మెడ బోసిగా ఉందని సంచిలో వేసుకున్నాలే" అంటూ తల్లి చేతిసంచి విప్పింది.

టేపు చూసి టై ఆయన నవ్వలేదు. గబగబా వెళ్లి ఫ్యాను ఆపాడు. "గాలికి కొస ఎగురుతుందమ్మా. ఇటువైపు నేను పట్టుకోనా?" అన్నాడు. అద్దాల గదిలోంచి మేనేజరు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన గొడవల్లా వేరు.

"పక్కద్దాలు కూడా కలిపి కొలవాలండీ. కారుతోపాటే వస్తాయి."

"కలుపుతాను బాబూ. చేతులు వదిలేసి చొక్కా కుడతానా?"

టేపు కారు చుట్టూ తిరిగి కొసలు కలిశాయి. మేనేజరు వంగి చదివాడు. "ఆరూ డెబ్భై ఎనిమిది! చూశారా, మేం మరీ అన్యాయంగా ఏం చెప్పలేదు."

"ఉండండి. ముందు ఇంజను ఆపించండి."

"ఎందుకూ?"

"ఊపిరి బిగబట్టిన మనిషికి కొలత తీస్తారా ఎవరైనా? ఊపిరి వదిలాక తీసిందే కొలత."

టై ఆయన మేనేజరు కేసి చూశాడు. మేనేజరు పైకప్పు కేసి చూశాడు. ఇంజను ఆగింది. కారు నిట్టూర్చినట్టు కాస్త కిందికి దిగింది, టేపు చేతుల్లో వదులైంది. తల్లి కొస సర్దింది. ఆరు లక్షల నలభై ఒక్క వేలు.

"రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, మీ లాభం, అన్నీ ఇందులోనే ఉన్నాయి" అంది తల్లి. "ఎవరి పొట్టా కొట్టే టేపు కాదిది."

మేనేజరు కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ చదివాడు. అదే అంకె. "సరే. పాలిషు కొట్టేయ్. కాగితాల ఖర్చు కొట్టేయ్" అన్నాడు టై ఆయనతో. "కానీ సీటు కవర్లు మాత్రం తప్పవండీ. అవి లేకుండా కారు బయటికి పంపం. ఇరవై నాలుగు వేలు. చేతిపని! మీకు తెలియంది కాదు, కుట్టు చూడండి."

అరవైలోంచి నలభై ఒకటి పోతే పంతొమ్మిది. ఐదు వేల దగ్గర ఆగిపోయింది బోర్డు.

తల్లి కారులోకి వంగి కుట్టు చూసింది. వేలితో అంచు తడిమింది. మూల దగ్గర ఆగింది. అక్కడ దారం మూడు పోట్లు వెనక్కి నడిచి, అప్పుడు తెగింది. పక్క మూలా అంతే. తలగడ మూలా అంతే. ఎన్నో ఏళ్ల కింద ఎవరి చొక్కానో మూల పిగిలినప్పటినుంచి ఆమె ఏ మూలకైనా మూడు పోట్లు వెనక్కి వేస్తుంది. మామూలుగా ఎవరూ రెండుకి మించి వెయ్యరు.

తన కుట్టు మీద టేపు పెట్టాలని ఇన్నేళ్లలో ఆమెకి తోచలేదు. తన బట్టలు తను కుట్టుకునేటప్పుడు కొలతలు తీసుకోదు, చేత్తో జానా బెత్తా చూసి కత్తిరించేస్తుంది. తన కుట్టు సంగతీ అంతే అనుకుంది. ఇప్పుడు మెల్లగా, దారం వెంబడే టేపు పరిచింది. ముందు సీట్లు, వెనక సీటు, తలగడలు. చివర్న అంకె చూసి, టేపు ఎత్తి మళ్లీ మొదట్నించీ పరిచింది.

కూతురు తొంగి చూసింది. కుట్టుకూలి రెండు వేల ఆరు వందలు. మూటలాయన సెట్టుకి నాలుగు వందలిస్తాడు. "ఇందులో మనకేం మిగలట్లేదు చెల్లెమ్మా" అంటూ ఇస్తాడు.

"ఏమైందండీ?" అన్నాడు మేనేజరు.

"ఈ కుట్టు మా అమ్మది" అంది బ్రేకక్క. తలుపు దగ్గర నీళ్లు తాగుతున్న వాచ్‌మన్ కూడా తిరిగి చూసేంత గట్టిగా అంది. ఆరేళ్లుగా కేకలు వేయని మనిషి, ఆ ఒక్క కేక కోసమే దాచుకున్నట్టుంది.

మేనేజరుకి నమ్మకం కుదరలేదు. తల్లి చేతిసంచి పట్టీ తిప్పి చూపించింది. మూల దగ్గర మూడు పోట్లు వెనక్కి. టై ఆయన సీటునీ సంచినీ మార్చి మార్చి చూసి, "అచ్చం అదే సార్" అన్నాడు. తరవాత ఎవరూ చెప్పకుండానే, కాగితం మీద ఆఖరి గీత తనే కొట్టేశాడు.

"కుట్టినావిడకే కవర్లు అమ్ముతామా సార్, బాగోదు."

కవర్లు విప్పేస్తుంటే మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇవి నేరుగా మాకే కుట్టి ఇవ్వచ్చు కదా. మధ్యలో ఆయనెందుకు?"

"ముందు ఆయన్ని అడగాలి బాబూ. ఇన్నేళ్లూ పని తెచ్చిచ్చిన మనిషి" అంది తల్లి. టేపు సంచిలో పెట్టబోయింది. కూతురు తీసుకుని, విప్పి, ఆమె మెడలో వేసింది. రెండు కొసలూ సమంగా లాగి సరిచేసింది. షోరూములో అద్దాలన్నిట్లోనూ ఆ టేపే కనిపించింది.

కారు తోలుకుంటూ వచ్చారు. దారిలో తల్లి మూడుసార్లు అద్దం దించి, మూడుసార్లు ఎక్కించింది. నాలుగోసారి మంచాలమ్మే అతని కొట్టు ముందు దించి, అతను చూసేదాకా ఎక్కించలేదు.

మర్నాడు ఆదివారం, డ్రైవింగ్ స్కూలుకి సెలవు. మూటలాయన స్కూటరు మీద రెండు మూటలతో వచ్చాడు. గేటుకి కట్టిన బోర్డు పైకి చదివాడు. గేటు ముందు తెల్ల కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. లోపల స్టీరింగ్ ముందు ఆ నర్సు కూర్చుని ఉంది. పక్క సీట్లోంచి బ్రేకక్క, "నెమ్మదిగా, కంగారేం లేదు" అంటోంది.

"ఎవరిది చెల్లెమ్మా కారు?"

"మా అమ్మాయిది" అంది తల్లి. ఆ మాట పొద్దుట్నించీ పదకొండోసారి అంటోంది. పాలవాడికైతే రెండుసార్లు చెప్పింది.

మూటలాయన అద్దంలోంచి లోపలికి చూశాడు. "బావుంది. కవర్లు వేయించలేదేం మరి?"

"వేయిద్దామనే ఉంది అన్నయ్యా. కుట్టే ఆవిడ రేటు పెంచింది."

అతను నవ్వబోయి ఆగాడు. ఆమె మెడలో టేపు కేసి చూశాడు. స్కూటరు మీది మూటల తాడు విప్పబోయినవాడు మళ్లీ బిగించాడు.

"ఎంతకి?"

"రెండు వేల ఆరు వందలు."

"టేపు సరిగ్గా పట్టుకున్నావా చెల్లెమ్మా?"

"ఊపిరి వదిలాకే పట్టుకున్నాను" అంది ఆమె.

మూటలాయన కూడా ఊపిరి వదిలాడు. ఒక మూట దించాడు, కాసేపాగి రెండోదీ దించాడు. పెద్ద మిషను మొదలైంది. గోడ మీద అద్దం వణికింది. బయట నర్సు మొదటిసారి కారు ఆగిపోకుండా ముందుకి నడిపింది.