పావుగంట దుమ్ము

"చెయ్యి వాచిందటమ్మా," అన్నారు మామగారు ఫోను పెట్టేస్తూ. "ఒకటి కాదు. రెండోది కూడా."

ఫోనుకి అవతలి కొసన అల్లుడు అన్నది అది కాదు. "చేతికి వాచీ, మామయ్యా. రెండోది. కొనుక్కుని వస్తాను" అని గొంతు చించుకున్నాడు. అతని వెనక కంప్రెసరు రోడ్డు రోలరులా గర్జిస్తోంది. ఇటు మామగారి కుడి చెవి ఆయనకన్నా ముందే రిటైరైంది, ఎడమ చెవి బుద్ధి పుట్టినప్పుడు డ్యూటీకి వస్తుంది. ఈ రెండు గోలల మధ్య నలిగి వాచీ కాస్తా వాచిపోయింది.

ఇంట్లో లేచిన కలకలం సంగతి తెలియని అల్లుడు మళ్లీ ప్రెస్సు దగ్గరికి నడిచాడు. నడిచాడనడం మర్యాద కోసం. నిజానికి కాళ్లు ఈడ్చుకుంటూ చేరాడు. అతను పనిచేసేది అరిగిన లారీ టైర్లకు కొత్త రబ్బరు తొడిగే షాపులో. పాత టైరును రుద్ది, రబ్బరు చుట్టి, ప్రెస్సులో పెట్టి గంటన్నర ఉడికించాలి. తక్కువ ఉడికితే తొడుగు ఊడుతుంది, ఎక్కువ ఉడికితే పెళుసెక్కుతుంది. ఆ ఉడికించే పని పదకొండేళ్లుగా అతనిది. అందుకే షాపులో అందరికీ ప్రెస్సు బాబాయ్. "టైర్ల మధ్య బతికేవాడు టైర్డుగా కాక ఇంకెలా ఉంటాడు" అని మొదట్లో నవ్వుతూ అనేవాడు. ఇప్పుడు నవ్వు మానేసి మాట ఒక్కటే అంటున్నాడు. అరిగిన టైరుకు రెండో జన్మ ఉంది గానీ, అరిగిన మోకాలికి ఏ ప్రెస్సులోనూ చోటు లేదు.

అతనికి కావలసింది పెద్దదేం కాదు. ఆరూ పదికి వచ్చే బస్సు. షాపు ఆరింటికి వదులుతారు, స్టాపు ఐదు నిమిషాల దూరం. లెక్క ప్రకారం స్టాపులో కూర్చుని కాళ్లు చాపుకునే తీరిక కూడా ఉండాలి. కానీ ఆ బస్సు అతనికి ఏనాడూ ముఖం చూపించలేదు. తర్వాతి బస్సు గంటన్నరకి గానీ రాదు. అంతసేపు నిలబడేకన్నా నయమని నాలుగు కిలోమీటర్లు నడిచేవాడు. ఇల్లు చేరేసరికి పాదాలు బూట్లను వదలనంటాయి. వాటిని ఎవరూ చూడకుండా స్నానాల గదిలో బాల్చీలో ముంచి కూర్చునేవాడు. "అలిసిపోయా" అని తప్ప ఇంట్లో ఇంకేం చెప్పేవాడు కాదు.

తప్పంతా వాచీదని అతని నమ్మకం. పెళ్లైన కొత్తలో భార్య తన మొదటి జీతంతో కొనిచ్చిన వాచీ అది. పొద్దున రేడియో విని టైము సరిచేసి పెట్టుకుంటాడు. మధ్యాహ్నానికి షాపు గోడ గడియారం కన్నా పావుగంట ముందుంటుంది. టైరు ఎప్పుడు పెట్టిందీ, ఎప్పుడు తీసిందీ ప్రెస్సు పుస్తకంలో గోడ గడియారం టైము ప్రకారమే రాయాలని షాపు నియమం కాబట్టి వాచీ ముల్లు వెనక్కి తిప్పుతాడు. ఇంటికొచ్చి చూస్తే పావుగంట వెనకబడి ఉంటుంది. పగలు పరుగు, సాయంత్రం కునుకు. నాలాగే తయారైంది పాపం, అనుకునేవాడు. భోజనాల తర్వాతి వాయిలో టైర్లు ఎందుకో ఎక్కువ ఉడుకుతుంటే ఆ నింద కూడా వాచీ నెత్తినే వేశాడు. ప్రెస్సు తలుపుకి కొట్టుకుని, ఆవిరి పీల్చి దాని బుర్ర చెడిందని తేల్చుకున్నాడు. ఇక అది ఇంటిపట్టున ఉండాలి. మోటుపనికి మోటు వాచీ ఇంకొకటి ఉండాలి. అది నిజం టైము చెబితే ఆరూ పది బస్సు దొరుకుతుంది.

సాయంత్రం ముందుగా వెళ్తానని మేస్త్రీని అడిగాడు. "సొంత పని, ఒక్క గంట."

"గంటంటే మాటలా, బాబాయ్?"

"మాటలు కాదు మేస్త్రీ. గంటే."

మేస్త్రీ గోడ గడియారం వైపు చూసి, ఆలోచించి, సరేనన్నాడు.

వాచీల షాపాయన ఒక కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. మొదట ఉక్కు గొలుసున్నది తీశాడు.

"ప్రెస్సు పక్కన పని. ఇనుము కాలితే నాకు కంకణం కట్టినట్టే," అన్నాడు బాబాయ్.

తోలు పట్టీ చూపించాడు. చెమటకు నెల తిరక్కుండా కుళ్లిపోతుంది. రబ్బరు పట్టీ చూపించాడు.

"పగలంతా రబ్బరే. చేతికి కూడానా?"

చివరికి గుడ్డ నేత పట్టీతో, నల్లగా, బండగా ఉన్న అంకెల వాచీ ఒకటి బయటికొచ్చింది. ముళ్లు లేవు. చుట్టూ ఎత్తుగా గట్టు, అద్దం లోపలికి దిగి ఉంది.

"దెబ్బ తగిలితే గట్టుకే తగులుతుంది, అద్దం దాకా రాదు," అన్నాడు షాపాయన. "కిందపడినా పగలదు, నీళ్లలో ముంచినా ఆగదు. వేడికీ దుమ్ముకీ చలించదు. కీ ఇవ్వక్కర్లేదు, పట్టించుకోనక్కర్లేదు. రాత్రీ పగలూ పనిచేస్తుంది."

"మా యజమానికి మాత్రం చూపించకండి. నన్ను తీసేసి దీన్ని పెట్టుకుంటాడు."

బాబాయ్ దాన్ని కుడిచేతికి పెట్టుకున్నాడు. ఐదూ నలభై అంది. ఎడమచేతి వాచీ చూసుకున్నాడు. ఐదూ ఇరవై ఐదు. నిట్టూర్చి కొత్తది విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇది పావుగంట ముందుకి పోతోందండీ. ఇంకోటి ఇవ్వండి."

ఇంకోటి ఇచ్చాడు. అదీ ఐదూ నలభై. మూడోది ఇచ్చాడు. ఐదూ నలభై ఒకటి.

"మీ సరుకంతా కూడబలుక్కుంది," అన్నాడు బాబాయ్ నీరసంగా.

షాపాయన గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఇరవై గడియారాలు ఒకే మాట మీద నిలబడి ఉన్నాయి. "ఇరవై మంది ఒకటి చెబుతుంటే మీ ఒక్కరిదేమిటండీ వేరే దారి? ఆ పాతది ఇలా ఇవ్వండి."

మూత తీసి, భూతద్దంతో చూసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మళ్లీ విన్నాడు. "దీనికి ఏ జబ్బూ లేదు. గుండె లయ తప్పకుండా కొట్టుకుంటోంది. ముల్లు ఎవరు తిప్పారు?"

"నేనే. రోజూ మధ్యాహ్నం, గోడ గడియారం చూసి."

"ఆ గోడ గడియారాన్ని ఎవరు చూసుకుంటారు?"

"మా మేస్త్రీ. చాలా శ్రద్ధ మనిషి. రోజూ భోజనాలయ్యాక, మేం పనిలో పడ్డాక, నిచ్చెన వేసుకుని దాని దుమ్ము తుడుస్తాడు."

"మిగతా షాపు కూడా తుడుస్తాడా?"

షాపంతా నల్లటి రబ్బరు పొడి. కిటికీ ఊచల మీద వేలితో పేరు రాయొచ్చు. ఫ్యాను రెక్కలు తెల్లగా ఉండేవట. అది చూసినవాళ్లు ఇప్పుడు లేరు. అంతటి దుమ్ములో అద్దంలా మెరిసేది ఒక్క గడియారం. పొద్దున అందరూ వచ్చేసరికి మళ్లీ సరిచేసి ఉంటుంది కాబట్టి నిజం చెబుతుంది. మధ్యాహ్నం దాని దుమ్ముతో పాటు పావుగంట కూడా తుడుచుకుపోతుంది. మధ్యాహ్నాలు సాగుతున్నది తిన్న మత్తు వల్లేనని ఇన్నేళ్లూ అందరూ అనుకున్నారు. ఆ పావుగంట టైర్లూ ఉడికాయి, మనుషులూ ఉడికారు. గోడ మీద ఆరైనప్పుడు బయట ఆరూ పావు. బస్సు వెళ్లి ఐదు నిమిషాలు.

అతనికి కోపం రావలసింది. దానిక్కూడా ఓపిక కావాలి. స్టూలు మీద కూర్చున్నాడు.

"మరి కొత్తది అక్కర్లేదేమో. పాతదే నిక్షేపంలా ఉంది," అన్నాడు షాపాయన.

"కావాలి. ఆ నల్లదే." బాబాయ్ దాని పక్కన వరుసగా ఉన్న నాలుగు మీటల వంక చూశాడు. "దీని టైము మార్చడం కష్టమా?"

"కాస్త మెలిక ఉంది. నేర్పిస్తాను, ఇలా రండి."

"వద్దు, బాబూ. అదొక్కటీ నాకు నేర్పకండి."

రెండు చేతులకూ రెండు వాచీలతో స్టాపుకి చేరేసరికి ఆరూ ఐదు. బల్ల మీద కూర్చుని కాళ్లు చాపాడు. ఆరూ పదికి బస్సు ముఖం కనబడింది.

"కొత్తవాళ్లా? ఈ రూట్లో ఎప్పుడూ చూళ్లేదు," అన్నాడు కండక్టరు.

"పాతవాణ్ణే. పదకొండేళ్లుగా నీ వెనక నడుస్తున్నా."

ఇంటి తలుపు తీసేసరికి భార్య చేతిలో వేడినీళ్ల సంచి, మామగారి చేతిలో నొప్పుల మందు, కుర్చీ మీద పాత దుప్పటి చింపిన కట్లు.

"ఇంత తొందరగా వచ్చారంటే ఎంత బాధగా ఉందో," అంది భార్య. "షాపుకి ఫోను చేస్తే సొంత పని మీద వెళ్లారన్నారు. చేతులు వాస్తే ఆ సంగతి నాకు చెప్పొద్దా?"

"చేతులు చాపు, అల్లుడూ," అన్నారు మామగారు.

అతను ఏమీ అర్థంకాక చాపాడు. ఈలోగా గుమ్మంలో స్కూటరు ఆగింది. మేస్త్రీ రొప్పుతూ లోపలికొచ్చాడు.

"రెండు చేతులూ వాచాయటగా బాబాయ్. అమ్మగారు ఫోను చేశారు. రేపు ప్రెస్సు ఎవరు చూస్తారు?"

"వాచింది చేతులు కాదు మేస్త్రీ. చేతికి వాచీ." బాబాయ్ రెండు మణికట్లూ పక్కపక్కన పెట్టాడు. "ఎడమది నీ గడియారం చూసి నేను తిప్పింది. కుడిది ఎవరూ తిప్పనిది. మధ్యలో పావుగంట ఉంది, చూడు. నువ్వు తుడిచిన దుమ్మే."

మేస్త్రీ చూశాడు.

"ముల్లు వెనక్కి తిప్పమని యజమాని ఎప్పుడో చెప్పాడు, బాబాయ్. మొదట్లో భయంగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది."

"తిడదామనే అనుకున్నాను. బస్సులో కూర్చున్నాక ఇంకో సంగతి తట్టింది. ఆ పావుగంట మాతో పాటు నువ్వూ అక్కడే ఉన్నావు కదా. రోజూ."

ఈ లెక్క మేస్త్రీకి ఎప్పుడూ తట్టినట్టు లేదు. కట్లు పక్కకి జరిపి కుర్చీలో కూలబడ్డాడు. ఇద్దరూ ఒకే వాయిలో మాడిన టైర్లలా కనిపించారు.

"రేపటి నుంచి నేను ఈ నల్లదాని ప్రకారం బయల్దేరతాను," అన్నాడు బాబాయ్. "ప్రెస్సు పుస్తకం కూడా దీని టైముకే రాస్తా. వాయి మాడదు. యజమాని అడిగితే అదే చెప్పు."

"అడిగితే చెబుతా," అన్నాడు మేస్త్రీ. "నిచ్చెన విరిగిందని కూడా చెబుతా. దుమ్ము ఉండనీ."

మామగారు ఒక్కొక్కరి పెదాలూ చూసి విసిగిపోయారు. "ఏమంటున్నారమ్మా వీళ్లు?"

భార్య ఆయన ఎడమ చెవి దగ్గరికి వంగింది. "వాచీ, నాన్నా. రెండో వాచీ కొంటానని ఫోను చేశారు. మీకు వాచిందని వినబడింది. చేతులకి ఏమీ కాలేదు."

"మరి ఈ మందు?"

బాబాయ్ బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఎడమది ఊడిరావడానికి మేస్త్రీ సాయం పట్టాల్సి వచ్చింది. బాల్చీలో దాచుకున్న పాదాలు పదకొండేళ్లకు దీపం వెలుతురులోకి వచ్చాయి. భార్య వాటిని చూసింది. వేడినీళ్ల సంచి తెచ్చి కింద పెట్టింది.

"వాచింది ఇక్కడ, మామయ్యా. రోజూ బస్సు పోయాక నడిచి నడిచి."

మామగారు మందు మూత తీస్తూ అందరి వంకా చూశారు. "అయితే నేను సరిగ్గానే విన్నాను. ఎక్కడన్నదే తప్పు విన్నాను."