మంచు ఊరి చారుకు తిరగవాత

మెసయీద్ అనే ఎడారి ఊళ్ళో, కంపెనీ క్వార్టర్స్‌లో జనవరి గాలికి కిటికీలు దడదడలాడుతున్నాయి. పెళ్ళికి ముందు ట్రైనింగ్ కోసం జపాన్ వెళ్ళొచ్చిన ఇమామ్‌కు చలి తగిలితే చాలు, మంచు కురిసే రైల్వే స్టేషన్లో నిలబడి తాగిన నూడుల్స్ చారే గుర్తొస్తుంది. ఆ కథ ఎన్నిసార్లు విన్నా అతని కొత్త పెళ్ళాం హసీనాకు ముచ్చటే. ఈరోజు ఆ రుచి తెప్పించి తీరాలని, అతను చెప్పినట్టే కోడి ఎముకలు ఉడికించి చారు తీసి, నూడుల్స్ వేసింది. దించుతూ అలవాటు కొద్దీ వెల్లుల్లి, ఎండుమిర్చి తిరగవాత పెట్టేసింది.

"అయ్యో, చెడగొట్టేస్తి!" అంది ఏడుపుగొంతుతో.

ఇమామ్ గిన్నె ఎత్తి తాగాడు.

"ఆ రుచి వచ్చిందా?"

"రాలేదులే పిల్లా. ఆ స్టేషన్లో వణుక్కుంటా, దీంట్లో మన తిరగవాత పడింటే ఎంత బాగుండునో అనుకుంటి. అప్పుడు యాడుంటివే నువ్వు?"

"కడప కాలేజీలో పరీక్ష రాస్తాంటి!" అంటూ హసీనా నవ్వి, గిన్నె లాక్కుని తనూ ఒక గుక్క తాగింది.