మూతల సీలు

కిర్గిజ్ కొండల్లో, మెకానిక్ జుమకదిర్ షెడ్డుకి ఆ పొద్దున కల్మత్ బండి వచ్చింది. వచ్చింది అనడం మర్యాదకే. గేర్లు తగ్గించుకుంటూ ఈడ్చుకొచ్చి, చివరికి మట్టిదిబ్బకి ముక్కు ఆనించి ఆపాడు.

"అన్నా, బ్రేకు మెత్తగా దిగిపోతోంది. రేపు మా అన్న నలభయ్యో దినం. కనుమ అవతలినుంచి ముల్లానీ మేనత్తల్నీ తేవాలి. సాయంత్రానికి ఇచ్చెయ్."

ఆ అన్న పేరు సగిన్‌బాయ్. అద్దెబండి తోలేవాడు, జుమకదిర్‌కి ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు. మొన్న చలి మొదట్లో కనుమ దిగుతూ మూడో మలుపులో బండితో సహా లోయలో పడి చనిపోయాడు. బండినిండా పగిలిన వోడ్కా సీసాలు. ఎవరింటి పెళ్ళికో తీసుకెళ్తున్నవి. "తాగి పడ్డాడు" అని ఎవడో అన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుంది కదా, సాయంత్రానికి ఊళ్ళన్నీ అదే మాట.

పూడ్చేముందు జరిగే జనాజా నమాజు దగ్గర ముల్లా "ఇతను ఎలాంటి మనిషి?" అని అడుగుతాడు. "మంచి మనిషి" అని అందరూ ఒక్క గొంతుతో చెప్పాలి. ఆ రోజు గొంతులు అక్కడొకటీ ఇక్కడొకటీ లేచాయి. జుమకదిర్ అయితే నోరే విప్పలేదు. పోయినవాళ్ళ కళ్ళు చారెడేసి అంటారు, సగిన్‌బాయ్‌కి ఆ పాటి భాగ్యం కూడా దక్కలేదు. భార్య బురుల్ ఆచారం ప్రకారం గోడవైపు తిరిగి కూర్చుంది గానీ శోకం ఎత్తలేదు. "తాగుబోతు కోసం నా గొంతెందుకు అరగదీసుకోవాలి?" అందట. మొగుడి కోసం పెళ్ళాం శోకం పాడని ఇల్లు ఆ లోయలో అదొక్కటే.

"ఎక్కి తొక్కు" అన్నాడు జుమకదిర్. "గబగబా కొట్టు. ఆఁ, ఇప్పుడు తొక్కిపట్టు. స్పాంజీలా పైకి తంతోందా?"

"లేదన్నా, గట్టిగానే ఉంది... ఇదిగో, జారుతోంది. మెల్లగా... నేలకి ఆనింది."

పైపుల్లో గాలి ఉంటే పెడలు ఎగురుతుంది. ఇలా తొక్కిపట్టగా దిగిపోతే బయట ఎక్కడైనా కారుతుండాలి, లేదా ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బర్లు దాన్ని ఆపలేకపోతుండాలి. జుమకదిర్ నాలుగు చక్రాలూ, పైపులన్నీ తడిమాడు. ఎక్కడా తడి లేదు. సిలిండర్ విప్పి ఆయిల్‌ని పళ్ళెంలోకి వంచాడు. కింద పసుపు, పైన ఎరుపు, మధ్యలో ముద్దలు.

"ఇదేంటన్నా, విరిగిన పాలలాగా?"

"ఏమో. రబ్బర్లు పోయాయి. కొత్తవి బిష్కెక్ నుంచి రావాలంటే రెండ్రోజులు."

కల్మత్ పెరట్లోకి చూశాడు. ట్రాక్టరుతో లాక్కొచ్చి పడేసిన సగిన్‌బాయ్ బండి అక్కడే మంచు కింద పడి ఉంది.

"దాంట్లోది ఊడదియ్. మనిషి ఇంటి పరువు తీశాడు, ఇనుమైనా పనికొస్తుంది."

"నోరు ముయ్‌రా. పోయినవాణ్ణి పట్టుకుని..."

"జనాజాలో నువ్వు మూసుకున్నావుగా. నాకెందుకు చెప్తావ్?"

జుమకదిర్ పానాలు పట్టుకుని పెరట్లోకి నడిచాడు. కల్మత్ లోపల పొయ్యి దగ్గర టీకి కూర్చున్నాడు.

బండి పైకప్పు అణిగిపోయింది గానీ ముందుభాగం బాగానే ఉంది. సిలిండర్ తేలిగ్గానే ఊడింది. అక్కడే విప్పాడు. అవే ముద్దలు. పైన అదే ఎరుపు. రబ్బరు అంచు కింద ముద్ద ఇరుక్కుని, అంచు పైకి లేచి ఉంది.

రెండు బండ్లు, ఒకే రోగం. రెండింటికీ ఒకే వారంలో ఆయిల్ పోసింది ఎవరు?

తనే. కొత్త ఆయిల్ అయిపోయిందని, సోవియట్ కాలపు సామూహిక వ్యవసాయ క్షేత్రం గరాజు మూతపడ్డ రోజున తెచ్చి దాచుకున్న పాత సీసా దింపాడు. ఆముదమూ స్పిరిటూ కలిపి చేసిన ఎర్ర ఆయిల్. అది ఇప్పటివాటితో కలవదని గురువు చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. "బ్రేకు ఆయిలంటే బ్రేకు ఆయిలే, పొయ్యి" అన్నది తొందరలో ఉన్న సగిన్‌బాయ్. పోసింది మాత్రం జుమకదిర్. పిసినారి చేతులు!

వంగి డ్రైవరు సీటు కింద చూశాడు. గాజుపెంకుల మధ్య రెండు సీసా మెడలు. చేతికందేచోట ఉన్నా వాటి మూతల సీలు చెక్కుచెదరలేదు. ఊరంతా సీసాలు చూసింది, మూతలు చూసినవాడు ఒక్కడూ లేడు.

స్పిరిట్‌లో గుడ్డ ముంచాడు. రెండు తుడుపులు, అంతే. ఎవడికీ తెలియదు. సగిన్‌బాయ్ ఎలాగూ తిరిగిరాడు, ఉన్న షెడ్డైనా ఉంటుంది. ఒక రబ్బరు తుడిచేశాడు కూడా. రెండోదాన్ని తుడవబోయి గుడ్డ పక్కన పడేశాడు. అలాగే సీసా మెడలతో కలిపి జేబురుమాల్లో మూటగట్టాడు.

"నీ బండి రేపటికి కదలదు" అన్నాడు లోపలికొచ్చి. "పైపులన్నీ కడగాలి. నా బండి తీసుకెళ్ళు. దాంట్లో ఆ ఆయిల్ పొయ్యలేదు."

"ఏ ఆయిల్?" అన్నాడు కల్మత్.

"రేపు చెప్తా."

మర్నాడు నలభయ్యో దినానికి సగిన్‌బాయ్ ఇంటికి వచ్చినవాళ్ళు తక్కువ. ముల్లా ఖురాన్ చదవడం ముగించి చేతులు ముఖానికి రాసుకున్నాక, మాంసం పళ్ళేలు రాకముందే జుమకదిర్ లేచాడు.

"ఆ రోజు ముల్లా అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. సగిన్‌బాయ్ మంచి మనిషి. తాగలేదు. బ్రేకు తొక్కాడు, పెడలు నేలకి ఆనేదాకా తొక్కే ఉంటాడు. నేను పోసిన తప్పుడు ఆయిల్ ఆ బ్రేకుని పాడుచేసింది. వాణ్ణి చంపింది నేనే."

మూట విప్పి రొట్టెల పక్కన పెట్టాడు. ముద్ద అంటిన రబ్బరు, రెండు సీసా మెడలు. కల్మత్ లేచి జుమకదిర్ ముందున్న టీ గిన్నె తీసి బోర్లించాడు.

"లే. మా గడప దిగు."

జుమకదిర్ వాకిలి దాకా వెళ్ళేసరికి లోపలి గదిలోంచి బురుల్ గొంతు వినిపించింది.

"అన్నా, సీలు ఊడలేదా?"

"లేదమ్మా. రెంటికీ ఊడలేదు."

తర్వాత ఆ గదిలోంచి శోకం లేచింది. "అయ్యో నా దొరా, నలభై రోజులూ నిన్ను తిట్టుకున్నానే, నీ సమాధి మీద గుప్పెడు మట్టైనా వెయ్యనంటినే..." ఆడవాళ్ళంతా గొంతు కలిపారు. మగవాళ్ళు ఒక్కొక్కరే టోపీలు సర్దుకుని, జనాజాలో ముల్లా అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పసాగారు. మంచి మనిషి, మంచి మనిషి.

జుమకదిర్ గేటు బయట మంచులో నిలబడి విన్నాడు. లోపలికి రానివ్వరు. అయినా వెళ్ళిపోలేదు.