ముందు సీటు

మా ఇంట్లో సంగటి గెలికేది నలుగురికి కాదు, వసారాలో కాపలా ఉండే పార్టీ మనుషులందరికీ. కుండ కదలకుండా పాదంతో అదిమిపట్టి, రెండు చేతులా తెడ్డు తిప్పాలి. అదిమినప్పుడల్లా నా కుడిపాదం నడుమ ఎముకలు విడిపోతున్నట్టే ఉండేది. "బెణికిన కాలికి ఇంత సాగదీత ఏందే? పసుపూ సున్నం పట్టేసుకో" అనేది మా అత్త బాలనాగమ్మ. పట్టేసుకుంటూనే ఉన్నాను. పాదం చెప్పులో దూరడం మానేసింది.

ఆ దెబ్బ జమ్మలమడుగు కోర్టు దగ్గర తగిలింది. మా ఆయన మీద కేసుంది. ఎదుటి పార్టీవాళ్లు దారి కాచినా, ఆడమనిషి ఉన్న బండి మీద బాంబు వేయరని మావాళ్ల నమ్మకం. అందుకే ప్రతి వాయిదాకీ జీపు ముందు సీట్లో నేను, నా వెనక ఆయన. ముందు దిగాల్సిందీ నేనే. ఆ రోజు "బిరీన దిగు" అని వెనకనుంచి తోశాడు. వేళ్ల వైపు పాదం జీపు మెట్టులో ఇరుక్కుంది, నేను ముందుకు పడ్డాను.

పొరుగింటి ఖమర్‌బీని తోడు తీసుకుని బస్సులో ప్రొద్దుటూరు పోయాను. అక్కడి డాక్టరు పాదం ఎత్తి అరికాలు చూశాడు. నడిమధ్య నీలంగా కమిలి ఉంది. పడుకోబెట్టి ఒక ఎక్స్‌రే, నిలబెట్టి ఇంకొకటి తీయించాడు. పడుకున్నప్పుడు అంతా బాగానే ఉంది. బరువు పడగానే ఎముకల మధ్య సందు కనిపించింది.

"ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంటు తెగిందమ్మా. స్క్రూలు వేసి బిగించాలి. తర్వాత రెండు నెలలు కాలు నేలకు మోపకూడదు. ఇట్లాగే నడిస్తే జన్మంతా కుంటుతావు. మీ ఆయన్ను పిల్చకరా, సంతకం పెట్టాల."

నాకు ఏడుపొచ్చింది. రెండు నెలలు కాలు కింద పెట్టకుండా కూర్చోడానికి నాకు అట్లాంటి ఇల్లేది?

"ప్రొద్దుటూరికి నేనా? ఆడంతా వాళ్ల మనుషులే. ఎలక్షన్లు కానీ, సూస్తాం" అన్నాడు మా ఆయన. "ముందు వాయిదా ఉండాది. జీపులో కూర్చునేదే గదా, దానికి కాలితో పనేముండాది?"

నిజమే, ముందు సీట్లో నా ఆకారం ఉంటే చాలు. ఆ మాట పాదంకంటే ఎక్కువ సలిపింది.

వాయిదా అయిపోయింది. జీపు ఊరివైపు తిరగబోతుంటే డ్రైవరుతో, "జమాల్, ప్రొద్దుటూరికి పోనీ" అన్నాను.

"మతి పోయిందా నీకు?" అన్నాడు వెనకనుంచి మా ఆయన.

"లేదంటే నన్ను ఈడే దింపు. నేను బస్సుకు పోతా, మీరు ఊరికి పోండి."

జమాల్ ఇంజను ఆపేశాడు. "ఆడమనిషి లేకుండా నేను బండి తోలను, అన్నా" అన్నాడు మెల్లగా.

మా ఆయన రోడ్డుకు రెండు పక్కలా చూసుకున్నాడు. "నువ్వు దిగితే నాకేమయితాదో తెలుసునా?"

"తెలుసు. నేను ఇట్లే కూర్చుంటే నాకేమయితాదో నీకు తెలుసునా?"

ఆయన సీట్లో వెనక్కి జరిగి, పోనీ అన్నట్టు చెయ్యి ఊపాడు. జమాల్ జీపును ప్రొద్దుటూరు దారి పట్టించాడు. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఆసుపత్రికి పోయేటప్పుడు కూడా ముందు కూర్చుంది నేనే, ఎదురొచ్చే ప్రతి బండికీ గుండె జారింది నాదే. కానీ సంతకం పెట్టాక ఊరికి తిరిగిపోయేటప్పుడు ఆయన ముందు ఎవరు కూర్చుంటారన్నది, పెళ్లయ్యాక మొదటిసారి, నేను ఆలోచించలేదు.