ఎంబడి వచ్చినోడు

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దివాకర్ బయటికి వచ్చినప్పుడు దీప అతన్ని దాటి, వెనకాల వస్తున్నవాళ్ళ వైపు చూసింది. ఎడమ చెంప జారిపోయి, ఆ పక్క కన్ను మూతపడక నీళ్ళు కారుతూ, గోడ పట్టుకుని నడుస్తున్న మనిషి తన భర్తేనని తెలియడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

వాళ్ళది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. దివాకర్ పదేళ్ళు పవర్‌లూమ్ మీద పనిచేసి, ఏడాదిన్నర కింద పోలండ్ పోయాడు. అక్కడ అడవిలో చెట్లు కోసి దుంగలు లారీలకు ఎత్తే పని. మనవైపు నుంచి పోయిన పదిమందికి అతనే మేస్త్రీ.

సిరిసిల్లలో, కరీంనగర్‌లో డాక్టర్లు పక్షవాతం అన్నారు, కీళ్ళవాతం అన్నారు. చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టర్ మాత్రం, "అడవిలో పనిచేశారా? ఏదన్నా పురుగు కుట్టిందా?" అని అడిగాడు.

దివాకర్ ఎడమ మోకాలి వెనక చెయ్యి పెట్టి చూపించాడు. "గీడ సార్. పశువులకు పట్టే గోమారి లెక్క చిన్నది. రెండు వారాలకు చుట్టూ ఎర్రగ, పైస లెక్క గుండ్రంగ అయింది. అదే పోయింది."

అది ఆ పురుగు కాటు వల్ల వచ్చే లైమ్ జబ్బని రక్తపరీక్షలో తేలింది. ఇరవై ఎనిమిది రోజులు మందులు వాడాక ముఖం సర్దుకుంది. కానీ మోకాళ్ళ నొప్పులు పోలేదు. నిద్ర లేచేసరికే రోజంతా బరువులు మోసినట్టు అలసట. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మాట మరిచిపోయేవాడు.

"క్రిమి చచ్చింది. కొందరికి ఇలా నెలల తరబడి ఉంటుంది. మళ్ళీ మళ్ళీ అవే మందులు వాడితే లాభం లేదు. మంచి తిండి, నిద్ర, కొద్దికొద్దిగా నడక. ఓపిక పట్టండి" అన్నాడు డాక్టర్.

ఓపిక దివాకర్ దగ్గర లేదు. ఎవరో ఇచ్చిన నల్లటి పొడి తిని పచ్చకామెర్లవాడిలా అయ్యాడు. కోరుట్లలో ఒకతను తేనెటీగలతో కుట్టిస్తే విషానికి విషం విరుగుడన్నాడు. నాలుగో ఈగకే దివాకర్ గొంతు వాచిపోయి ఊపిరాడక, ఆటోలో దవాఖానకు తీసుకుపోవలసి వచ్చింది. ఆ దవాఖానలో పక్క మంచం ముసలామె దీపతో మొగిలవ్వ పేరు చెప్పింది.

మొగిలవ్వ ఇల్లు సారంగాపూర్ దాటి, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది. పెంకుటిల్లు, ముందు పెద్ద వాకిలి, సీతాఫలం చెట్టు కింద ఒక నల్ల కుక్క. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. ఆమె భర్త తాటిచెట్టు మీద నుంచి పడి తొమ్మిదేళ్ళు మంచంలో ఉన్నాడు. అతనికి సేవ చేస్తూ నేర్చుకున్న పనే ఇప్పుడు పదిమందికీ చేస్తోంది.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం వీళ్ళు వెళ్ళేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. దివాకర్‌ను కిందనుంచి పైదాకా చూసి, ఏమీ అడగకుండా లేచి వచ్చి, అతని ఎడమ మోకాలి వెనక బొటనవేలు ఆనించింది.

"గీడ కరిచింది" అంది.

కుంటుతున్నాడు కాబట్టి తెలిసి ఉంటుందని దీప అనుకుంది. మొగిలవ్వ తల ఎత్తి, వాళ్ళ భుజాల మీదుగా గేటు వైపు చూసింది.

"గాయన లోపలికి రాడా?"

"ఎవరవ్వా? మేమిద్దరమే వచ్చినం" అంది దీప.

మొగిలవ్వ ఇంకా అటే చూస్తూ, "సరే. ఎండల నిలవడ్డడు. ఆయన ఇష్టం" అని లోపలికి పోయింది. చెట్టు కింద కుక్క లేచి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని ఇంటి వెనక్కి పోయింది.

సాయంత్రం ఆమె షరతులు చెప్పింది. "నలభై దినాలు ఉండాలె. డాక్టరిచ్చిన మందు ఏదుంటే అది ఏసుకో, నేనద్దన. ఫోను నాకియ్యి. నా తాన అబద్ధమాడకు కొడుకా, ఆడితే పానం మొండికేస్తది."

తెల్లవారకముందే వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం, తర్వాత నువ్వుల నూనెతో మర్దన. పొద్దున రాగులతో కాచిన తైదంబలి, పగలు జొన్నరవ్వ ఉడికించిన గట్క, ఆకుకూర. చక్కెర లేదు, చాయ్ లేదు. పొద్దుగూకగానే పడక. మొదటి రోజు సీతాఫలం చెట్టు దాకా నడక, రెండో రోజు గేటు దాకా. అలా రోజుకు కొంచెం. అలసట రాకముందే ఆగిపోవాలి.

పది రోజులకు దివాకర్ రాత్రంతా పడుకోవడం మొదలుపెట్టాడు. పదిహేను రోజులకు గోడ పట్టుకోకుండా లేచాడు. దీపకు ప్రాణం లేచి వచ్చింది. అయినా ఆ ఇంట్లో ఒక సంగతి ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

మొగిలవ్వ పగటి పూట గట్క వడ్డించినప్పుడు ఒక గిన్నె ఎక్కువ పెట్టేది. ఆ గిన్నెను అరుగు చివర, గేటు వైపు పెట్టి వచ్చేది. మొదట అది కుక్కకేమో అనుకుంది దీప. కానీ కుక్క ఆ దరిదాపులకు వచ్చేది కాదు. దూరంగా కూర్చుని సన్నగా మూలిగేది. కాసేపటికి చూస్తే గిన్నె ఖాళీ.

ఒక రోజు దీప కావాలనే గుమ్మంలో కూర్చుని ఆకుకూర తుంచుతూ గిన్నెనే చూసింది. ఎండ నిలువుగా ఉంది. గాలి లేదు. కాకి కూడా రాలేదు. గట్క పైన మీగడలా పొర కట్టింది. లోపల దివాకర్ దగ్గితే ఆమె తల తిప్పింది, అంతే. మళ్ళీ చూసేసరికి గట్క సగమే ఉంది. అంచున నాలుగు వేళ్ళతో తీసిన గీతలు ఉన్నాయి.

దీప చేతిలో ఆకుకూర కింద పెట్టి, చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళి, భర్త మంచం పక్కన నేల మీద కూర్చుంది. 

ఇరవై రెండో రోజు నుంచి నడక వరిపొలం ఒడ్డు మీదికి మారింది. పొద్దున మంచుకు ఒడ్డు మెత్తగా ఉండేది. దివాకర్ ఒట్టికాళ్ళతో ముందు నడిచేవాడు, దీప పది అడుగులు వెనక. ఆ రోజు ఆమె తల దించుకుని నడుస్తూ, అతని అడుగుల పక్కన ఇంకొక వరస అడుగులు చూసింది.

అవి బూట్ల అడుగులు. మడమ దగ్గర లోతుగా, అడుగున పళ్ళచక్రం లాంటి గీతలతో ఉన్నాయి. ఆ పొలాల్లో బూట్లేసుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరో రాత్రి నడిచి ఉంటారని ఆమె తనకు తాను చెప్పుకుంది. వంగి చూస్తే, ఆ గుంటల్లోకి నీళ్ళు అప్పుడప్పుడే ఊరుతున్నాయి.

దివాకర్ మోటారు దగ్గర ఆగి రాయి మీద కూర్చున్నాడు. బూట్ల అడుగులు కూడా అక్కడే ఆగాయి. రెండు బూట్ల మొనలూ అతని వైపు తిరిగి ఉన్నాయి, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టు.

దీప వేలితో చూపించింది. దివాకర్ చూశాడు. అతనికి ఆశ్చర్యం కలగలేదు. అది ఆమెను ఇంకా భయపెట్టింది.

"గవి మా కంపెనీ బూట్లు" అన్నాడు మెల్లగా. "ఈ అవ్వ ఇంటికి వచ్చిన దినం నుంచి ఇంటున్న నేను, గా సప్పుడు."

"ఎవరిది?"

అప్పుడు చెప్పాడు, అవి పోలండ్‌లో తన జట్టులో పనిచేసిన అరుణ్ అడుగులని. అతనిది మెట్‌పల్లి దాటాక ఇబ్రహీంపట్నం. ఇరవై నాలుగేళ్ళు. తండ్రి లేడు, తల్లి సాయవ్వ ఒక్కతే. జట్టులో అందరికన్నా చిన్నవాడు. ఇద్దరికీ ఒకే రోజు పురుగు పట్టింది. దివాకర్ మోకాలి వెనక దాన్ని అరుణే దారం వేసి లాగి తీశాడు. అరుణ్‌కు చంక కింద పట్టింది, వాడు నాలుగు రోజుల దాకా చూసుకోలేదు.

"మచ్చలు రాంగనే, 'అన్నా దవాఖానకు పోదామే' అన్నడు. పురుగు కుడితే దవాఖాన ఏందిరా అని నవ్విన. ఇంకో మూడు వారాలకు కండ్లు తిరుగుతున్నయన్నడు. ఎదల దడదడ అంటుందన్నడు. లారీలు నిలవడ్డయి, ఐతారం పోదాం తీయ్ అన్న. శనివారం పగటీలి దుంగకు ఒరిగి కూసున్నడు. అన్నం తిందాం లేరా అని నేనే పోయి లేపిన. లేవలే."

గుండె ఆగిందని కాగితం మీద రాసి శవాన్ని పెట్టెలో పంపారు. పిల్లవాడికి గుండెజబ్బు ఉందేమోనని అందరూ అనుకున్నారు. దివాకర్ కూడా అనుకున్నాడు, హైదరాబాద్ డాక్టర్ తన గుండెకు పరీక్ష రాసేదాకా. ఈ జబ్బు కొందరికి గుండెను పడుతుంది, మొదట్లోనే మందులు పడితే తగ్గిపోతుంది, మీకు అక్కడిదాకా రాలేదు అని ఆ డాక్టర్ చెప్పాడు.

"గా దినమే సమజైంది నాకు. ఎవ్వరికి చెప్పలే. నీకు సుత చెప్పలే."

దీప అతని చెయ్యి పట్టుకోవాలనుకుంది. పట్టుకోలేకపోయింది. ఇద్దరూ ఆ అడుగుల వైపు చూడకుండా ఇంటికి నడిచారు.

అరుగు మీద మొగిలవ్వ ఎదురుచూస్తోంది. వాళ్ళ ముఖాలు చూసి విషయం అడగలేదు.

"గాయనకు తల్లి ఉన్నదా?" అని మాత్రం అడిగింది.

"ఉన్నది."

"అయితే పో. నలభై దినాలని కూసోకు. నీ కాళ్ళకు నేను కాపడం పెడ్త. గట్క పెట్టి ఆయనను ఇంకెన్నాళ్ళు నిలవెట్టాలె?"

మర్నాడు పొద్దున జగిత్యాలలో బస్సు మారి, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఇబ్రహీంపట్నం చేరేసరికి పన్నెండు కావస్తోంది. ఊరంతా ఉడికిన పసుపు వాసన. సాయవ్వ వాకిట్లో పసుపు కొమ్ములు ఎండబోసి ఉన్నాయి, నడవడానికి పక్కన సన్నటి దారి వదిలి. "సిన్నమ్మా" అని దివాకర్ పిలిస్తే ఆమె తల ఎత్తి చూసింది. పెట్టెలో కొడుకు వచ్చిన రోజు ఫోన్‌లో ఏడ్చిన మేస్త్రీని గొంతును బట్టి గుర్తుపట్టింది.

దివాకర్ కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. నవ్విన మాటా చెప్పాడు, ఐతారం మాటా చెప్పాడు. మాటలు మరిచిపోయే మనిషి ఒక్క మాట కూడా మరిచిపోలేదు. "నేను దవాఖానకు తోలుకపోతే బతుకుతుండె సిన్నమ్మా" అని ఆపాడు.

సాయవ్వ ఏడవలేదు. లోపలికి పోయి పాత ఫోన్ తెచ్చి, ఒక ఫోటో తీసి చూపించింది. చంక కింద ఎర్రటి గుండ్రటి మచ్చ.

"నాకు పంపిండు. 'గిదేందే అవ్వా' అన్నడు. నేను తామరనుకున్న. నిమ్మకాయ రుద్దురా, పోతదన్న. దినాం రుద్దుతున్ననే అన్నడు. నేనే కదా సంపుకున్న అనుకుంట కూసున్న ఇన్నొద్దులు."

"నీకేమెరుక సిన్నమ్మా. దగ్గరున్నది నేను."

"నీకు మాత్రం ఏమెరుక కొడుకా?" అని, ఫోన్ పక్కన పెట్టి, "యాదికి తెచ్చుకుంటే కోపమొస్తది నీ మీద. అబద్ధమెందుకు. కాని వచ్చి చెప్పినవు" అంది.

దీప మంచినీళ్ళు అడిగింది. సాయవ్వ చెంబు అందిస్తూ, మామూలు సంగతి చెప్తున్నట్టే చెప్పింది. "వాన్ని బొందపెట్టి వచ్చిన కాడ్నుంచి పగటీలి ఇంట్ల బూట్ల సప్పుడు ఇనవడేది. నాకు భయం కాలే. కొడుకే కదా. పుష్యమాసంల ఒకనాడు ఆగింది. గప్పుడు ఏడ్సిన చూడు, పెట్టె వచ్చిననాడు సుత గంత ఏడ్వలే."

ఏ రోజని దీప అడిగింది. అమావాస్యకు ముందటి శనివారం అంది సాయవ్వ. వాళ్ళిద్దరూ మొగిలవ్వ గేటు దగ్గర దిగింది ఆ రోజే.

దివాకర్ వాకిలి వైపు తిరిగాడు. ఎండ నిలువుగా ఉంది. గేటు దగ్గర ఎవరూ లేరు. సాయవ్వ అతని చూపు వెంట చూసి, నెమ్మదిగా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇంటికచ్చినవ్ కదరా" అంది గేటు వైపు. "ఎండల నిలవడుడేంది? బూట్లు ఇప్పి లోపలికి రా."

గాలి లేదు. ఎండబోసిన పసుపు మధ్యలో కొన్ని కొమ్ములు కదిలాయి. పటుక్కుమని ఒకటి విరిగింది. కొంచెం ఇవతల ఇంకొన్ని పక్కకు దొర్లాయి. ఇంకా ఇవతల, మళ్ళీ. దీప కళ్ళు మూసుకుంది. తన భుజం పక్కనుంచి తడి కట్టె వాసన, కోసిన దేవదారు లాంటి వాసన, లోపలికి పోయింది. కళ్ళు తెరిచేసరికి సాయవ్వ ఇంట్లోకి తిరిగి పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతోంది. వీళ్ళ వైపు చూడలేదు.

వాళ్ళు చెప్పకుండానే బయల్దేరారు. దివాకర్ మోకాళ్ళు అప్పటికే వాచాయి. బస్టాండు దాకా దీప భుజం మీద బరువంతా వేసి నడిచాడు. నొప్పి ఎక్కడికీ పోలేదు. కానీ బస్సులో కిటికీకి తల ఆనించి, జగిత్యాల దాకా కదలకుండా నిద్రపోయాడు.

మిగతా రోజులు మొగిలవ్వ దగ్గరే ఉన్నారు. ఆమె ఆ తర్వాత మూడు గిన్నెలే పెట్టింది. ఉగాదికి దివాకర్ లూమ్ దగ్గర గంట నిలబడ్డాడు. వానలు పడేనాటికి సగం షిఫ్టు. మబ్బు పట్టిన రోజు ఇప్పటికీ మంచం మీదే ఉంటాడు. నెలకొకసారి ఇబ్రహీంపట్నం పోయి వస్తాడు. అక్కడ ఏం మాట్లాడుకుంటారో దీప అడగదు. ఆమె మళ్ళీ ఆ ఇంటికి పోలేదు.

శ్రావణంలో సిరిసిల్ల నుంచి ఆరుగురు అదే కంపెనీకి పోతున్నారని తెలిసి దివాకర్ వాళ్ళను వెతుక్కుంటూ పోయాడు. వాళ్ళు చాయ్ హోటల్ ముందు కూర్చుని ఉన్నారు. మోకాలి వెనక పురుగు కుట్టిన చోటు చూపించి, పని దిగగానే ఒళ్ళంతా చూసుకోవాలని, మచ్చ వస్తే ఆ రోజే దవాఖానకు పోవాలని చెప్పాడు.

"మేస్త్రీ సెలవియ్యకపోతే?" అన్నాడు వాళ్ళలో ఒకడు నవ్వుతూ.

దివాకర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా జట్టుల అరుణ్ అని ఒక పిలగాడుండె" అని మొదలుపెట్టాడు.