కాస్త ఈ పెట్టె పట్టుకుంటావా

మొదటి ఏడాది గ్రిసెల్డా బ్రాకామోంతెస్ అందరు కాలేజీ కౌన్సెలర్లూ చేసేదే చేసింది. లైబ్రరీ ముందు బల్ల వేసి, పసుపుపచ్చ గుడ్డ పరిచి, స్పానిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ అచ్చువేసిన కరపత్రాలు పేర్చి వెనకాల కూర్చుంది. "మనసు బాగోలేదా? మాట్లాడుకుందాం" అని పక్కన బోర్డు. రెండు వారాల్లో ముగ్గురు వచ్చారు. ఇద్దరు బాత్రూం ఎటని అడిగారు. మూడో కుర్రాడు పెన్నులు ఊరికే ఇస్తున్నారా అని అడిగి, నాలుగు తీసుకుని, "మా చెల్లెళ్లకి" అని సంజాయిషీ చెప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ బోర్డు ముందు ఆగడమంటే, "నాకు పిచ్చి" అని పదిమందిలో ఒప్పుకున్నట్టే. ఈ సంగతి ఆమెకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. ఆమె పెరిగింది ఈ కాలేజీకి నలభై మైళ్ల దూరంలో, కమలాతోటల మధ్య. అక్కడ నడుం పట్టేస్తే వైద్యుడి దగ్గరికి వెళ్తారు. గుండె దడ వస్తే చామంతి టీ కాచుకుంటారు. ఏడుపొస్తే పనిలోకి వెళ్తారు.

తను వెతుకుతున్న పిల్లలు లైబ్రరీ దగ్గర ఉండరని రెండో ఏడు తెలిసింది. వాళ్లు కార్లలో ఉంటారు. చిన్నచిన్న ఊళ్లనుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చి, ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య మూడు నాలుగు గంటలు, కాలువ అవతలి పార్కింగ్ స్థలంలో గడుపుతారు. అక్కడే తింటారు, చదువుతారు, కునుకు తీస్తారు. కొందరు ఇంజను ఆపేసి, స్టీరింగ్ పట్టుకుని ఊరికే కూర్చుంటారు.

పెట్టె ఉపాయం ఆమె ఆలోచించి కనిపెట్టింది కాదు. ఒకరోజు నిజంగానే నడుం పట్టేసింది. కారులో క్యాలెండర్ల పెట్టె ఉంది. పక్క కారులో స్టీరింగ్‌మీద తల ఆన్చుకుని ఒక కుర్రాడున్నాడు. అద్దంమీద తట్టి, "బాబూ, కాస్త ఈ పెట్టె పట్టుకుంటావా" అంది. అతను వెంటనే దిగి పెట్టె ఎత్తుకున్నాడు. కౌన్సెలింగ్ సెంటర్ దాకా పన్నెండు నిమిషాల నడక. పెట్టె దించిన కుర్రాడు కుర్చీలో కూలబడి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చాడు.

ఆ రోజే ఆమెకు అర్థమైంది. వీళ్లు చచ్చినా సాయం అడగరు. సాయం అడిగితే మాత్రం చచ్చినా కాదనరు. రోగిగా దాటలేని గడపను పనిమీద వచ్చినవాళ్లుగా ఇట్టే దాటేస్తారు.

సెంటర్ పెద్ద పాలీన్ ఆస్ట్రాండర్‌కి ఇది నచ్చలేదు.

"ఇది మోసం కాదా గ్రిసెల్డా?"

"మా ఊళ్లో గ్యాస్ బండ లోపల పెట్టినవాణ్ణి కాఫీ ఇవ్వకుండా పంపం. తాగుతూ వాడి గోడు వాడు చెప్పుకుంటాడు. దాన్ని మేం మోసం అనం, పాలీన్."

"బండలో గ్యాస్ ఉంటుంది కదా."

"పెట్టెలో క్యాలెండర్లున్నాయి. కాకపోతే పోయినేటివి."

పాలీన్ నవ్వాపుకుంది. "ఎవరైనా కనిపెట్టి గొడవ చేస్తే నా దగ్గరికి రాకు."

"రాను. వాళ్లచేతే మళ్లీ మోయిస్తాను."

ఇది మూడో ఏడు. అదే పెట్టె. నవంబరు మంగళవారం, పొగమంచు కాలువమీదనుంచి కదలకుండా పరుచుకుని ఉంది. చివరి వరసలో పాత గోధుమరంగు కారు. లోపల ఊపిరి ఆవిరితో అద్దాలు తెల్లబడ్డాయి. గ్రిసెల్డా తట్టింది. అద్దం కిందికి దిగింది. ఇరవై ఏళ్ల అమ్మాయి, జుట్టు బిగించి కట్టుకుంది. ఒళ్లో రసాయనశాస్త్రం పుస్తకం, తలకిందులుగా.

"తల్లీ, కాస్త ఈ పెట్టె పట్టుకుంటావా? నా నడుం సంగతి నీకెందుకులే."

అమ్మాయి అప్పటికే తలుపు తీసింది. "ఎక్కడికి మిస్?"

"ఆ వంతెన అవతలికి. నీ పేరేంటి?"

"నెరేయిదా. నెరేయిదా సాసువేత." పెట్టె అందుకుని ఒకసారి పైకీ కిందికీ ఎగరేసినట్టు ఊపింది. ఏదో అనబోయి మానేసింది.

వంతెన మధ్యలో ఆగిపోయింది. ముఖం సున్నం కొట్టినట్టయింది. ఊపిరి పైపైన తెగిపోతోంది. పెట్టె వణుకుతోంది.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసే మొదటి పని, చేతిలో బరువు అందుకోవడం. గ్రిసెల్డా అందుకోలేదు. ఆ పిల్లకి ఈ క్షణాన ఉన్న ఒకే ఒక గట్టి వస్తువు అదే.

"దించకు. గట్టిగా పట్టుకో. మూలలు అరచేతులకి గుచ్చుకుంటున్నాయా?"

తల ఊపింది.

"ఏ చేతికి ఎక్కువ?"

"... ఎడం."

"నేను నీళ్లకేసి చూస్తుంటాను. నాకేం తొందరలేదు. గుండె ఆగిపోతుందనిపిస్తుంది, ఆగదు. ఈ దడ కొండెక్కినట్టు ఎక్కి, దిగుతుంది. నాకు తెలుసు."

నాలుగైదు నిమిషాల తర్వాత అది దిగింది. నెరేయిదా ఏమీ జరగనట్టు నడిచింది. సెంటర్ గదిలో కుర్చీలో కూర్చుంది గాని పెట్టె కింద పెట్టలేదు. ఒళ్లోనే ఉంచుకుంది.

"నిద్ర పడుతోందా?"

"మా అమ్మ మూడున్నరకి లేస్తుంది మిస్. ప్యాకింగ్ షెడ్‌లో కమలాల సీజను."

"తిండి?"

"అమ్మకి షుగరు. చెప్పినా వినదు."

"నేను నిన్ను అడుగుతున్నా."

అమ్మాయి నిజంగానే తికమకపడింది. గ్రిసెల్డాకి ఆ తికమక కొత్త కాదు. ఎనిమిదేళ్ల వయసునుంచి ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో అమ్మ పక్కన కూర్చుని దుబాసీ పని చేసిన పిల్లలు వీళ్లు. "ఎక్కడ నొప్పి" అని అడిగితే తల తిప్పి అమ్మకేసి చూడటం ఒంటబట్టింది. తమకీ ఒక నొప్పి ఉండొచ్చునన్నది ఎవరూ అడగని ప్రశ్న.

మెల్లగా వచ్చింది. మూడు నెలలుగా పరీక్ష హాలు తలుపు దగ్గరికి వెళ్లగానే ఇలా అవుతోంది. రెండు పరీక్షలు రాయలేదు. శుక్రవారం ఉదయం మూడోది. అది కూడా పోతే ఆ సబ్జెక్టు పోయినట్టే. అదే సాయంత్రం అయిదింటిదాకా సెమిస్టరు మానుకునే ఫారం తీసుకుంటారు. ఫారం బ్యాగులో ఉంది. సంతకం కూడా అయిపోయింది. ఒకసారి మానేశాక తమ వీధిలో తిరిగి చేరినవాళ్లెవరూ లేరు. సోమవారంనుంచి అమ్మ పక్కనే షెడ్‌లో నిలబడుతుంది.

"అమ్మకి తెలుసా?"

"చంపినా చెప్పను. నామీద ఆశతోనే ఆవిడ నిలబడుతోంది మిస్." అని చేతులు పెట్టెమీద ఆన్చింది. వేళ్లు టేపు అంచు వెంబడి కదిలాయి, ఆగాయి. పెట్టె పక్కకి తిప్పి చూసింది. తల ఎత్తినప్పుడు గొంతు మారిపోయింది.

"ఇందులో ఏమున్నాయన్నారు?"

"కాగితాలు."

"పద్నాలుగో ఏటినుంచి ప్రతి వేసవీ షెడ్‌లో పెట్టెలు కట్టాను మిస్. టేపు మీద టేపు, ఆరు పొరలుంది. మూలలు మెత్తబడిపోయాయి. దీన్ని రెండేళ్లుగా తిప్పుతున్నారు. ఎత్తగానే తెలిసింది, మొహమాటానికి ఊరుకున్నా. ఎంతమందిచేత మోయించారు?"

"నీతో ముప్ఫై ఒకరు."

"అందరినీ వెర్రివాళ్లని చేశారు."

"కబురు పెడితే వచ్చేదానివా?"

"రాను."

"మరి?"

"అబద్ధం అబద్ధమే కదా."

"అబద్ధమే," అంది గ్రిసెల్డా తొణక్కుండా. "వెళ్తానంటే తలుపు తీసే ఉంది. కాకపోతే వచ్చినదానివి ఎలాగూ వచ్చావు, ఆ పెట్టె మళ్లీ నా కారులో పడేసి పో. నడుం నొప్పి మాత్రం నిజం."

నెరేయిదా ఆమెకేసి గుర్రుగా చూసింది. పెదవి చివర ఏదో కదిలింది. ముక్కులోంచి నవ్వొచ్చింది, దానివెంటే ఏడుపు. పెట్టె మూతమీద తల వాల్చి చాలాసేపు ఏడ్చింది. గ్రిసెల్డా కదల్లేదు. ఏడుపును మధ్యలో ఓదార్చడమంటే దాన్ని మళ్లీ లోపలికి తోసేయడమేనని ఆమె నమ్మకం.

అలా కూర్చుని ఉండగా ఆమెకు తన పదకొండో ఏడు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన మాటను ఆమె అమ్మకి మార్చి చెప్పింది. చిన్న గడ్డేనట, మందులకి కరిగిపోతుందట. అమ్మ తల ఊపి, "అమ్మయ్య" అంది. ఆపరేషనయ్యి, బతికి బట్టకట్టి, పదేళ్లు గడిచాక ఒకరోజు బట్టలు మడతపెడుతూ అంది: "ఆ డాక్టరు మొహం చూస్తేనే తెలిసింది నాకు. నువ్వు అలా చెప్పాలనుకున్నావు, చెప్పనిచ్చాను." ఇన్నేళ్ల చదువులోనూ గ్రిసెల్డా నేర్చుకున్నదాంట్లో దీన్ని మించిన పాఠం లేదు.

"శుక్రవారంలోపు ఒక పని చెయ్యి," అంది, ఏడుపు సద్దుమణిగాక. "అమ్మని ఏదైనా అడుగు."

"ఏమని?"

"చిన్నదేదైనా సరే. ఇది నాకోసం చేసి పెట్టమ్మా అని. చివరిసారి ఎప్పుడడిగావు?"

నెరేయిదా ఆలోచించింది. ఆలోచన సాగేకొద్దీ ముఖంలో భయంలాంటిది పెరిగింది. "మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు మిస్. చూసి చేసేస్తారు."

"అదే మరి. నీలోపలిది ఆవిడెలా చూస్తుంది?"

"తెలిస్తే తట్టుకోలేదు."

"మూడున్నరకి లేచి పది గంటలు నిలబడే మనిషి. నీకంటే గట్టిది. అడుగు."

ఆ మాట ఆమె ఎంత ధీమాగా అందో అంత ధీమా లోపల కూడా ఉంది. గురువారం రాత్రి మాత్రం రెండుసార్లు మెలకువొచ్చింది. అది వేరే సంగతి.

శుక్రవారం పదింటికి పొగమంచు ఇంకా విడలేదు. చివరి వరసలో గోధుమరంగు కారు ఉంది. డ్రైవరు సీటు ఖాళీ. పక్క సీట్లో యాభై ఏళ్లావిడ, షెడ్‌లో కట్టుకునే పూల రుమాలు తలకి అలాగే ఉంది, ఒళ్లో గుడ్డసంచీ. గ్రిసెల్డా పెట్టె చంకన పెట్టుకుని అటే నడిచింది. తట్టకముందే ఆవిడ తలుపు తీసుకుని దిగింది.

"ఇలా ఇవ్వండి. ఆ నడుంతో ఎందుకండీ మోయడం?"

"నా నడుం సంగతి మీకెవరు చెప్పారు?"

"మా అమ్మాయి. నా పేరు యులాలియా." పెట్టె లాక్కున్నట్టే తీసుకుని ముందు నడిచింది. "ఫోర్‌మన్‌తో కడుపునొప్పని చెప్పి వచ్చాను. పదకొండేళ్లలో మొదటి అబద్ధం. పరీక్ష రాసినంతసేపూ కారులో కూర్చోమ్మా అని అడిగింది. అంతే. ఇంకేం అడగలేదు."

"లోపలికి వెళ్లిందా?"

"తలుపుదాకా నేనూ వెళ్లాను. అక్కడ నిలబడిపోయింది. నేనేం అనలేదు. ఏమనాలో తెలిస్తే కదా. కాసేపటికి నా చెయ్యి వదిలేసి తనే వెళ్లింది."

వంతెనమీద యులాలియా ముందుకే చూస్తూ అంది: "రెండు నెలలుగా మధ్యాహ్నానికి రొట్టెలో కూర చుట్టి కట్టిచ్చిన బరీతోలు కట్టినవి కట్టినట్టే ఇంటికొస్తున్నాయండీ. రాత్రిళ్లు కుక్కకి పెట్టేది. కుక్క లావెక్కింది. నాకు తెలీదనుకుంటోంది పిచ్చిది."

"మరి అడగలేదే?"

"అడిగితే చెప్పాల్సొస్తుంది కదా దానికి."

గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. కూతురిలాగే పెట్టె కింద పెట్టలేదు. "దీంట్లో ఏమీ లేదంటగా," అంది.

"పాత క్యాలెండర్లు."

"ఎందుకండీ మోయడం?"

"మోస్తూ వస్తే జనం లోపలికొస్తారు."

యులాలియా గట్టిగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మూతమీద అరచేత్తో రెండుసార్లు తట్టి, ఉన్నట్టుండి ఆగి, "నాకూ వస్తుందండీ అది," అంది. "మా ఆయన పోయినప్పట్నుంచి. షెడ్‌లో పళ్లు కదిలే బెల్టు దగ్గర నిలబడితే గుండె నోట్లోకి వచ్చేస్తుంది. షుగరనుకున్నాను."

గ్రిసెల్డా కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది. "ఎప్పుడు మొదలైందో చెప్పండి."

గంటన్నర తర్వాత తలుపు అద్దంలోంచి నెరేయిదా కనిపించింది. మూడు పేజీలు నిండాయన్నట్టు మూడు వేళ్లు చూపించి, అలవాటుకొద్దీ పిడిమీద చెయ్యి వేసింది. అమ్మ ఒక ఆఫీసు గదిలో మాట్లాడుతోందంటే పక్కన తనుండాలి. గ్రిసెల్డా తల అడ్డంగా ఊపింది. యులాలియా అటు తిరగలేదు. చేతులు తిప్పుతూ ఏదో చెప్పుకుపోతోంది.

నెరేయిదా చెయ్యి తీసేసింది. బయటి గదిలో, గోడకున్న వరస కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంది. అలా బయట కూర్చోవడం తెలియనిదానిలా కాసేపు కాళ్లు కదిపింది. కారులోంచి తెచ్చిన అమ్మ గుడ్డసంచీ తెరిచి బరీతో తీసింది. నూనె కారుతోంది. బ్యాగులో వెతికి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి, ఒళ్లో విప్పి పరిచింది. కింద సంతకం ఉన్న కాగితం. దానిమీద బరీతో పెట్టుకుని, వేళ్లు నాకుతూ, తినడం మొదలుపెట్టింది.