నేల కాని నేల

మిట్ట ఎక్కి టిడ్‌బుర్ వచ్చేసరికే తగవులు తీర్చే సభ మొదలైంది. రాజుగారి అధికారి ఓర్డ్‌గార్ గొంతు కింది దాకా వినబడుతోంది. ఏటి వార ఉన్న ఆమె పచ్చికబయలును అతను 'ఉన్‌లాండ్' అంటున్నాడు. అంటే వాళ్ళ భాషలో నేల కానిది. చలికాలమంతా నీళ్ళలో మునిగేది నేలెలా అవుతుంది? నేల కానిదానికి హక్కుదారుడుండడు. హక్కుదారుడు లేనిది రాజుగారిది. ఇదీ అతని వాదన.

"అది నేల కాదని ప్రమాణం చేసేందుకు మనిషి ఉన్నాడు," అన్నాడు ఓర్డ్‌గార్.

ముందుకొచ్చినవాడు విగ్‌స్టాన్. టిడ్‌బుర్ సొంత తమ్ముడు.

ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. తమ్ముడికి రాజుగారి పిండిమర మీద పెత్తనం ఆశ చూపారని ఊరంతా చెప్పుకుంటుంటే, అలా అన్నవాళ్ళనే తిట్టిపోసింది ఇన్నాళ్ళూ.

"ఒరేయ్, అది నేల కాదా? మరి మన ఆవులు గాలిలో మేశాయా?"

"అక్కా, నలుగురిలో అల్లరెందుకు? ఉన్ అంటే లేదనేగా?"

"లేదనా! మొన్న ఉన్‌వెడెర్ వచ్చి నీ కొట్టం కప్పు లేపుకుపోయిందే, ఆ రోజు వాతావరణమే లేదా? పాడు వాతావరణం, అంతే! ఉన్‌లగు అని ఏడుస్తామే, చట్టం లేదనా? చెడ్డ చట్టం నెత్తిన కూచుందని! నాది పాడు నేలే అనుకో. అయినా నేలే!"

జనం గొల్లున నవ్వారు. ఓర్డ్‌గార్ మొహం కందగడ్డయింది. "నీ దగ్గర పాఠాలు నేర్చుకోడానికి రాలేదమ్మా. ప్రమాణం కానివ్వండి."

"చెయ్యరా," అంది టిడ్‌బుర్. "చేశావో, ఇక నువ్వు నాకు ఉన్‌మ్యాయ్."

"అంటే, నీ రక్తం కాదంటావా నన్ను?"

"కాకపోతే పీడా పోయేది! నా రక్తమే. చెడిన రక్తం."

పునీతుడి ఎముకలున్న పెట్టె మీద విగ్‌స్టాన్ చెయ్యి వేశాడు. అక్కడి పద్ధతిలో ప్రమాణం తడబడకుండా చెప్పాలి. ఒక్క మాట తప్పినా చెల్లదు. దేవుడి పేరు చెప్పాడు, రాజు పేరు చెప్పాడు. ఆపైన "ఉన్... ఉన్..." అని ఆగిపోయాడు. ఆ మాట పూర్తి కాలేదు.

"ప్రమాణం విరిగింది," అన్నాడు పూజారి. పెద్దలు అవునన్నారు. ఓర్డ్‌గార్ విసురుగా లేచి గుర్రమెక్కాడు. పచ్చిక టిడ్‌బుర్‌కే మిగిలింది.

మిట్ట దిగుతుంటే తమ్ముడు వెనకే పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, కావాలనే ఆగాను."

"మిట్ట ఎక్కకముందే ఆగాల్సింది."

మర ఇంకెవరికో పోయింది. గడ్డి కోతల నాడు విగ్‌స్టాన్ పిలవకుండానే కొడవలి పట్టుకుని వచ్చి, ఒక మూల నుంచి కోయడం మొదలుపెట్టాడు. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. మధ్యాహ్నం కోతగాళ్ళందరికీ బీరు పోస్తూ వచ్చింది. తమ్ముడి దాకా వచ్చి, కుండ చంకనెత్తుకుని వెనుదిరిగింది.